అవ్వ సాకిన గోబీ పురుగులు

గద్వాలలో మేము అద్దెకున్న ఇంట్లో గోబీ పురుగును చంపడం నిషేధం. నవ్వకండి. గోబీ అంటే మా వైపు క్యాబేజీ. చేను గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని. ఆకు తినే పురుగు కనిపిస్తే కాలికింద వేసి నలపడం తప్ప దానికి ఇంకో మర్యాద ఉంటుందని తెలియనిదాన్ని. అలాంటిదాన్ని ఒక చలికాలం ఆ పురుగుల్ని చేటలో పెట్టి మేపిన ఇంట్లో కాపురం చేశాను. పైగా ఆ మేపుడు వల్లే నా తోట బతికింది. ఈ ముచ్చట మా ఊళ్ళో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నాకు చిన్నప్పటినుంచీ కోతలెక్కువని మా వాళ్ళ అభిప్రాయం.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఎనభైలు ముగిసే రోజులు. మా ఆయన బస్సు కండక్టరు. ఆయనను గద్వాలకు బదిలీ చేస్తే ట్రంకుపెట్టె, మంచం, రెండు బిందెలతో నేనూ వెంట వచ్చాను. మాది బిజినేపల్లి దగ్గర పల్లె. మెట్టచేన్లలో ఆముదాలు, జొన్నలు. బావి కింద మాత్రం చలికాలం కూరగాయల మడి. కొంగు నడుముకు చుట్టి మట్టిలో దిగితే తప్ప నాకు పొద్దు పోదు. నన్ను తీసుకొచ్చి నేతగాళ్ళ వాడలో దింపాడు మహానుభావుడు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా మగ్గాల టకటకలే. ముందటింట్లో ఇంటివాళ్ళ మగ్గాలు, వెనక గదిలో మేము, మా వెనక ఒక పెరడు. ఆ పెరడు చూశాకే నేను ట్రంకుపెట్టె తాళం తీశాను. లేకపోతే తిరుగు బస్సు ఎక్కేదాన్నే.

ఇంటి యజమానురాలు ఒక ముసలమ్మ. వాడంతా ఆమెను అవ్వ అనేది, నేనూ అవ్వా అనే పిలిచాను. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఊహ తెలిసినప్పటినుంచీ మగ్గం మీదే బతికిందట. మోకాళ్ళు పట్టుకుపోయి మగ్గం గుంతలో కాళ్ళు దించుకొని కూర్చోలేని స్థితి వచ్చాక, కొడుకు ఆమెను మగ్గం దింపి ఆ చోట కోడలిని కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ ఆమె గడప మీద. వచ్చేపోయేవాళ్ళ నడకకూ, నవ్వుకూ, మూటకూ వంకలు పెట్టడమే పని. నేను దిగిన రోజే నాకూ పెట్టింది.

"ఏంది పిల్లా గా నడుక? నాగలెన్క పోతున్నట్లు!"

"నాగలున్న ఇంట్లనే పుట్టిన అవ్వా" అన్నాను.

ఎగాదిగా చూసింది. బోసినోటితో నవ్వింది. ఆ రోజే మాకు కుదిరిపోయింది.

పెరట్లో విరిగిన మగ్గం కర్రలూ, రంగు కాచిన పాత కుండలూ, పల్లేరు ముళ్ళూ ఉండేవి. అవన్నీ ఎత్తేసి మడులు కడతానంటే అవ్వ సరేనంది. కానీ ఒక మెలిక పెట్టింది. "చేస్కో పిల్లా. గని మాఘంల మావోడు ఈడ ఇంకో మగ్గానికి గుంత తవ్వుతడు, అర్ర ఏస్తడు. అందాక నీ ఇష్టం."

మాఘం అంటే గోబీ గడ్డ కట్టే అదను, చిక్కుడు విరగకాసే రోజులు. అప్పుడొచ్చి గది కోసం గడ్డపార వేస్తారట! అయినా పైకి తలూపాను. పచ్చగా నిండిన తోట మీద గడ్డపార ఎత్తడానికి ఏ మనిషికీ చేతులు రావని నా ధీమా. నేను చేయాల్సిందల్లా మాఘం నాటికి ఆ తోటను కన్ను తిప్పుకోలేనట్టు నిలబెట్టడం. ఆ పెరడు పోతే గద్వాలలో నాకంటూ ఏమీ మిగలదని అప్పుడే తెలుసు. మా ఆయన పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగేవాడు. ఆ టకటకల మధ్య ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోవాలంటే పిచ్చెక్కేది.

నారు మా నాయన పంపాడు. తడిపిన గోనెసంచిలో చుట్టి, బిజినేపల్లి స్టాండులో మా ఆయన చేతికే ఇచ్చాడు. కండక్టరు సీటు కింద గోబీ నారూ, దాని వేళ్ళకు పశువుల ఎరువూ. దారిపొడవునా ఎక్కినవాళ్ళు ముక్కు మూసుకొని "ఏందన్నా, బస్సుల బర్రెను ఎక్కించుకున్నవా?" అని అడిగారట. ఇంటికొచ్చి సంచి నా ముందు పడేసి మా ఆయన ఒకటే గొణుగుడు.

"మీ నాయనకు చెప్పు, ఇంకోసారి ఎరువు పంపితే టికెట్ కొట్టి పంపుమని."

నేను వినిపించుకోలేదు. నారు వాడిపోకముందే నాటాలి కదా. గోబీ రెండు మడులు, గట్ల మీద ముల్లంగి, ఒక మూల మెంతికూర, గోడవారన చిక్కుడు పాదు. చలి బాగా పట్టింది, మంచు కురిసింది. నా తోట ఎలా లేచిందంటే అవ్వ కొడుకు కూడా చీర నేస్తూ నేస్తూ లేచొచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని చూసిపోయేవాడు. చూడనీ, బాగా చూడనీ అనుకునేదాన్ని.

ఇంక పురుగూ పుట్రా రాకుండా ఉంటాయా?

మొదట చిక్కుడు తీగకు పేను పట్టింది. లేత కొసలన్నీ నల్లగా జిడ్డు. మా ఊళ్ళో అయితే దానికి బూడిదే మందు. మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద జల్లుతాం, పేను రాలిపోతుంది. అలాగే రెండు చేటల బూడిద జల్లాను. నేను చూసుకోనిది ఏమిటంటే, అదే పెరట్లో తాడు మీద రంగు వేసిన పట్టునూలు ఆరేసి ఉంది. తడి పట్టు. బూడిదంతా పోయి దాని మీద కూర్చుంది.

"ఓ చెల్లే! పట్టంత ఆగం జేసినవ్ గదనే!" అని అవ్వ కొడుకు నెత్తి పట్టుకున్నాడు. నేను కడిగి ఇస్తానంటే ఇంకా కేకలేశాడు. కడిగితే రంగు పోతుందట. బూడిద బందు.

తర్వాత వేపగింజలు నానబెట్టి, రుబ్బి, ఆ నీళ్ళు చల్లాను. అది గాలికి ఎగరదు కదా అనుకున్నాను. ఎగరలేదు, కానీ వాసన పట్టింది. పట్టుకు అలా వాసన పట్టుకుంటుందని నాకేం తెలుసు! చీర కొనడానికి వచ్చిన షావుకారు అంచు ముక్కు దగ్గర పెట్టుకొని "ఏందిది, వేపచెట్టెక్కి నేసిన్రా?" అన్నాడట. వేప బందు. మా నాయన పంపిన పురుగుమందు పొడి అయితే మడి దాకా రానేలేదు. అవ్వ పొట్లం లాక్కొని ఊరవతల గుంత తీసి పూడ్పించింది. "మందు ఇంట్లకొస్తే మనిషి బయటికి పోతడు" అంది. మందూ బందు.

ఇక మిగిలింది చేతులతో ఏరడం. చిక్కుడు కొసలు గిల్లేసి పేనుతో సహా పారేసి ఆ పాదును ఎలాగో నిలబెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు గోబీకి పచ్చపురుగు దిగింది.

చూడటానికి చిన్నది, చిటికెనవేలి గోరంత. లేతాకుపచ్చ. ఆకు అడుగున కూర్చొని గుటుక్కు గుటుక్కున తింటుంది, ఆకు జల్లెడైపోతుంది. ముట్టుకుంటే మెలికలు తిరిగి కిందికి దూకుతుంది, దూకుతూ ఒక సన్నటి దారం వదిలి దానికి వేలాడుతుంది. దొంగముండ. నాకు ఒళ్ళు మండి ఒక్కొక్కదాన్నీ కాలికింద నలుపుతున్నాను. వెనకనుంచి అవ్వ కేక వినిపించింది.

"ఓసి నీ చేతులిర్గ! ఏం సంపుతున్నవే?"

"పురుగు అవ్వా."

కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. ఆకు చివర ఒక పురుగు దారానికి వేలాడుతోంది. అవ్వ వంగి, కళ్ళు చికిలించి చూసింది. ఆ పురుగు గాలికి ఊగుతూ, తన దారాన్నే మింగుకుంటూ మళ్ళీ పైకి పాకుతోంది. అవ్వ మొహంలో రంగు మారిపోయింది. కర్ర కింద పడేసి రెండు చేతులూ జోడించింది.

"దారం తీస్తుందే పిల్లా! పట్టుదారం! తల్లీ, నా పెరట్లకే వచ్చినవా!"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పట్టు అంచులు నేసింది కానీ, పట్టుపురుగును కళ్ళతో చూసిన పాపాన పోలేదు. పట్టు బెంగుళూరు నుంచి రాయచూరు మీదుగా మూటల్లో వచ్చేది. అది ఆకు తినే పురుగు తీసే దారమని మాత్రం ఎప్పుడో విన్నది. ఇదిగో ఆకు, ఇదిగో పురుగు, ఇదిగో దారం. ఇంకేం కావాలి?

కాదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా అవ్వ ఆ పురుగును రెండు వేళ్ళతో సుతారంగా, తెగిన పోగును పట్టుకునే పద్ధతిలో పట్టుకొని అరచేతిలో వేసుకుంది. పక్క ఆకు ఎత్తింది. ఇంకొకటి. దాన్నీ వేసుకుంది. ఇంకో మొక్క దగ్గరికి జరిగింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

"అయితే ఇవి పట్టుపురుగులేనా పిల్లా? మీ చేన్లల్ల ఉంటయా?"

"ఏమో అవ్వా. నేను సేద్యపు దాన్ని, పట్టు ముచ్చట నాకేం తెల్సు? నీకు తెల్వనిది నాకు తెలుస్తదా?"

చూడండి, అవునని అనలేదు, కాదని అనలేదు. మా ఆయన మాత్రం ఆ సాయంత్రం విషయం విని తల పట్టుకున్నాడు. "తెలిస్తే ముసల్ది మన సామాన్లు వీధిల ఏస్తది" అన్నాడు. "ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?" అంటే కంచం ముందుకు లాక్కున్నాడు. ఆయన గారికి గోబీ పప్పంటే ప్రాణం.

మర్నాటినుంచీ చూడాలి అవ్వ సంబరం! ఇంకా తెలవారీ తెలవారకముందే దుప్పటి కప్పుకొని, కర్ర పట్టుకొని, చంకలో చేట పెట్టుకొని తయారు. మోకాళ్ళు వంగవని మగ్గం దించిన మనిషి మడిగట్టున చిన్న పీట వేసుకొని కూర్చునేది. ఈ మొక్క అయ్యాక పీట జరుపుకొని ఆ మొక్క. ఒక్క ఆకు వదిలితే ఒట్టు. నూలులో చిక్కు వెతికే కళ్ళు అవి, ఆకు రంగూ పురుగు రంగూ ఒకటే అయినా ఇట్టే పట్టేసేవి. నేను చేయాల్సిన చాకిరీ అంతా ఆమె చేస్తోంది, పైగా నాకే థాంక్స్ చెప్పినంత పని చేస్తోంది. నేను కాళ్ళు చాపుకొని చాయ తాగుతూ "అవ్వా, ఆ మూల గడ్డ సూడలే నువ్వు" అని పురమాయించేదాన్ని.

ఆకుల అడుగున పసుపుపచ్చటి గుడ్లు కూడా చూపించాను. వాటినీ ఆకు ముక్కతో సహా గిల్లి చేటలో పెట్టేసింది. అలా గుడ్డు పగిలి పురుగు కాకముందే తోట శుభ్రమైపోయింది. నా గోబీ గడ్డలు గుండ్రంగా, గట్టిగా, ఒక్క చిల్లు లేకుండా బిగుసుకున్నాయి. బూడిదా లేదు, వేపా లేదు, మందూ లేదు. మా నాయన చూసి ఉంటే ఆ చేన్లు అమ్మేసి నాలుగు మగ్గాలు పెట్టేవాడు.

చిక్కల్లా మేత దగ్గర వచ్చింది. కింద ముదిరిన ఆకులు నేనే తుంచి ఇచ్చేదాన్ని. ఒకరోజు చూద్దును కదా, నడిమి గడ్డ పైరేకు మాయం!

"అవ్వా! నా గోబీగడ్డ గిల్లిందెవరు?"

"ఏమో. పిల్లి గిట్ల వచ్చిందేమో."

"పిల్లి గోబీ తింటదా?"

"ముదురాకు పిల్లలకు అరుగుతలేదే, కడుపుబ్బుతుంది" అంది మెల్లగా. పిల్లలట! నేను కయ్యిమన్నాను, ఆమె కయ్యిమంది. వాడలో ఆడవాళ్ళందరూ గోడ మీదనుంచి తొంగిచూశారు. ఆఖరికి రాజీ కుదిరింది. గడ్డ ముట్టకూడదు, గడ్డకు ఆనుకున్న రెండో వరస ఆకు మాత్రం పిల్లలకు. ఆ గొడవతో సంగతి వాడంతా పొక్కింది. అంతే, చుట్టుపక్కల పెరళ్ళలో ముల్లంగి ఆకు మీద, ఆవాల మొక్క మీద దొరికిన పచ్చపురుగునల్లా ఆకులో చుట్టి తెచ్చి అవ్వకు అప్పజెప్పడం మొదలుపెట్టారు. చేట చాలక వెదురు తట్ట వచ్చింది. తట్ట మీద పల్చటి నూలుగుడ్డ. గడప మీద కూర్చొని వీధిని తిట్టే మనిషికి వీధి వైపు చూసే తీరికే లేకుండా పోయింది.

ఇంతలో నేను కలలో కూడా అనుకోనిది జరిగింది. పురుగులు గూళ్ళు కట్టాయి. ఆకు మీద, తట్ట అంచున, సన్నటి తెల్లటి తెర. ఊదితే ఎగిరిపోయేంత పల్చన. లోపల పురుగు కనిపిస్తూనే ఉంది. అవ్వ ఇల్లెగిరిపోయేట్టు కేకేసి కొడుకును మగ్గం మీదనుంచి లేపుకొచ్చింది. అతను వేలితో ముట్టుకున్నాడు. ఆ తెర వేలికి అంటుకొని ఏమీ లేకుండా పోయింది.

"అమ్మా, గిది బూజు."

"నోర్ముయ్. నువ్ నేసిన మొదటి చీర గూడ గిట్లనే ఉండె. నేను బూజన్ననా?"

ఆ ఊపులోనే అవ్వ తీర్పు చెప్పేసింది. "ఇగో ఇను. పెరట్ల గుంత గింత బందు. నా పురుగులకు ఆకు కావాలె. తోట జోలికొస్తే కాళ్ళిరగ్గొడ్త." నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. తోట దక్కింది! కానీ అదే రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే భయం పట్టుకుంది. నా తోటంతా ఇప్పుడు ఆ బూజు మీద నిలబడి ఉంది. అది పట్టు కాదని తేలిన రోజున గడ్డపారతో పాటు నా మీదికి అవ్వ కర్ర కూడా వస్తుంది.

గూళ్ళలోంచి రెక్కలొచ్చి బయటపడ్డాయి. బూడిదరంగు చిన్న చిన్న పురుగులు. రెక్కలు మూస్తే వీపు మీద తెల్లటి డైమండ్లు వరసగా కనిపించేవి. "అంచు సూడే పిల్లా, ఎంత మంచిగ ఏసిండో దేవుడు!" అని అవ్వ మురిసిపోయింది. అవి మగ్గాల గదంతా తిరిగాయి, కోడలి కంట్లో పడ్డాయి, కొన్ని ఎంచక్కా కిటికీలోంచి నా గోబీ మడుల వైపు ఎగిరిపోయాయి. అవెందుకు పోతున్నాయో నాకు తెలుసు. మళ్ళీ గుడ్లు పెట్టడానికి. కానీ ఏమని చెప్పను?

ఆ వారంలోనే రాయచూరు నుంచి పట్టునూలు అమ్మే బేరగాడు వచ్చాడు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే మనిషి. అవ్వ అతన్ని కూర్చోనీయకుండానే చెయ్యిపట్టి తట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. ఇక నీ పట్టు మాకెందుకు అన్నంత గర్వం ఆ మొహంలో. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. అతను గుడ్డ ఎత్తి చూశాడు. చూసి, గోడకు చేరగిలబడి, పొట్ట పట్టుకొని నవ్వాడు.

"అయ్యో అజ్జీ! ఇవు రేష్మె హుళ అల్ల! పట్టుపురుగులు కావు తల్లీ. గోబీ తినే దొంగ పురుగులు."

అవ్వ నమ్మలేదు. అతను కూర్చొని చెప్పాడు. అసలు పట్టుపురుగు తెల్లగా, లావుగా, చూపుడువేలంత ఉంటుందనీ, మల్బరీ ఆకు తప్ప ముట్టదనీ, అది కట్టే గూడు రేగుపండు కన్నా పెద్దదనీ. తర్వాత ఆ గూళ్ళను మసిలే నీళ్ళలో వేసి దారం తీస్తారనీ.

"లోపల పురుగుండంగనే?" అంది అవ్వ.

"ఉండంగనే అజ్జీ. బయటికొస్తే దారం తెగుతది గదా."

వీధిలో అప్పటికే జనం చేరారు. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. "పట్టవ్వ, పట్టవ్వ" అని ఎవరో పేరు కూడా పెట్టేశారు. అవ్వ ఎవరినీ ఒక్క తిట్టు తిట్టలేదు. తట్ట చంకన పెట్టుకొని లోపలికెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆమె తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

మర్నాటినుంచీ అవ్వ పెరట్లోకి రాలేదు. పురుగులు మాత్రం వచ్చాయి, రెట్టింపు వచ్చాయి. నేను ఒక్కదాన్నే వంగి ఏరుతూ, నలుపుతూ, తిట్టుకుంటూ తిరిగాను. నడుం పడిపోయింది. ఎంత ఏరినా వెనకపడుతూనే ఉన్నాను. మెత్తగా మసలే ముసలి చేతులు ఎంత పని చేశాయో అప్పుడు తెలిసొచ్చింది. మా ఆయన ఇంకో ఇల్లు వెతుకుతానన్నాడు. "దాంట్ల పెరడు ఉంటదా?" అని అడిగాను. ఆయన అటు తిరిగి చొక్కా విప్పుకున్నాడు.

మాఘం పడింది. ఒక పొద్దున తలుపు తీసేసరికి అవ్వ కొడుకు పెరట్లో ఉన్నాడు. గోబీ మడులకు అడ్డంగా తాడు లాగి, సున్నంతో గీత వేస్తున్నాడు. గోడకు గడ్డపార ఆనించి ఉంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వెళ్ళి మడి నడిమధ్య నిలబడ్డాను.

"జరుగు చెల్లె."

"జరగను. ముందు నన్ను తవ్వు, తర్వాత గోబీని తవ్వు."

"ఏం మాట్లాడుతున్నవ్? మాఘందాకనే అని అమ్మ ముందే చెప్పె గదా!"

చెప్పింది. న్యాయం అతని వైపే ఉంది. అందుకే నాకు కోపం ఇంకా పెరిగింది. గడ్డలు కోసుకునేదాకా ఆగమన్నాను. చిక్కుడు ఇంకా కాస్తూనే ఉందన్నాను. మీ ఇంటిల్లిపాదికీ గోబీ వండి పెడతానన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు చూపించడం ఇష్టంలేక ఇంకా గట్టిగా అరిచాను. ఆ అరుపుకు అవ్వ బయటికొచ్చింది. కర్ర పట్టుకొని, తల దువ్వుకోకుండా, నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"అవి పట్టుపురుగులు గావని నీకు ముందే ఎరుకేనా?"

ఇక బుకాయించి లాభం లేదు. "ఎరుకే అవ్వా."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఏరకపోతుంటివి."

కర్రతో నా పిక్క మీద ఒక్కటి వేసింది. నొప్పి పుట్టేలాగే వేసింది. "దొంగ దానా" అంది. "నెలదినాలు నాతోని చాకిరి జేయించుకున్నవ్. చాయ తాగుకుంట!" అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను పిక్క రుద్దుకుంటూ నిలబడ్డాను.

తర్వాత ఆమె మడిగట్టు మీద పీట లేకుండానే కూలబడింది. ఎదురుగా ఉన్న గోబీ ఆకు ఎత్తింది. అడుగున పురుగులు బారులు తీరి తింటున్నాయి. చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, జర లెవ్వు. గీత మీద కూసున్నవ్" అన్నాడు కొడుకు.

"ఈడ తవ్వకు."

"మరేడ తవ్వాలె?"

"ముందటింట్ల, నా మంచం కాడ తవ్వు. నేను ఎనక వసారల పండుకుంట."

అతను సున్నం డబ్బా కింద పెట్టేశాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? గవి పట్టు ఇయ్యవని తేలిపాయె. ఊరంత నవ్వె. ఇంక ఈ తోటతోని నీకేం పని?"

"పనే" అంది అవ్వ. "నన్ను మగ్గం దింపినంక పొద్దుగాల ఎందుకు లెవ్వాల్నో నాకు తెల్వకపాయె. లేసేదాన్ని, గడప మీద కూసునేదాన్ని. ఎవ్వనికీ నాతోని పని లేదు. నీకు లేదు, నీ పెండ్లానికి లేదు. ఈ సలికాలం లేసినంక ఏం జెయ్యాల్నో ఎరుకైంది. పట్టో బూజో, నాకు పని ఉండె."

కొడుకు తాడు చుట్టుకున్నాడు. ఆ తర్వాత గడ్డపార భుజాన వేసుకొని ముందటింట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మంచం జరిపిన చప్పుడు వినిపించింది.

వెళ్ళి ఆమె పక్కన కూర్చొని, అదే ఆకు అడుగునుంచి ఒక పురుగును తీసి నేలమీద వేసి నలిపాను. అవ్వ అరవలేదు. రెండోది నలిపాను, చూస్తూ ఊరుకుంది. మూడోదానికి చెయ్యి చాపితే నా మణికట్టు పట్టుకుంది.

"అన్ని సంపకే పిల్లా" అంది. "రేపటికి కొన్ని ఉంచు."